ఫ్యాన్సీ కట్ వజ్రం: తూకానికి ఇచ్చిన డబ్బు వేలి మీద కనిపిస్తుందా?

క్లుప్తంగా

గుండ్రటి వజ్రాన్ని ఎంత బాగా చెక్కారో సర్టిఫికెట్ చెబుతుంది. ఓవల్ (కోడిగుడ్డు ఆకారం), పేర్ (నీటిబొట్టు ఆకారం), ఎమరాల్డ్ (మూలలు కోసిన దీర్ఘచతురస్రం), కుషన్ (దిండు ఆకారం) లాంటి ఫ్యాన్సీ కట్‌లకు చాలావరకు ఆ మాట చెప్పదు. అందుకే ఒకే బరువు, ఒకే రంగు, ఒకే క్లారిటీ (లోపల మచ్చలు ఎంత తక్కువనేది) రాసి ఉన్న రెండు రాళ్లు వేలి మీద వేరు వేరు సైజుల్లో, వేరు వేరు మెరుపుతో కనిపిస్తాయి. బడ్జెట్ ఇంతేనని ముందే అనుకున్నవాళ్లు మొదట చూడాల్సింది మిల్లీమీటర్లు, తర్వాత పగటి వెలుగులో మెరుపు. రంగు, క్లారిటీ గ్రేడ్లలో ఎంత దిగొచ్చనేది ఆకారాన్ని బట్టి ఉంటుంది.

తులం లెక్కకు అలవాటైన చోట

2025లో తులం బంగారం లక్ష రూపాయలు దాటింది. అప్పటి నుంచి నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు లగ్గాల కొనుగోళ్లలో ఇంకో రెండు తులాలు పెట్టే బదులు ఒక్క పెద్ద రవ్వ ఉంగరం తీసుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచనకు జాగా దొరికింది. బంగారం కొనడానికి నాలుగు మాటలు తెలిస్తే చాలు: తులం, 916, తరుగు, మజూరి. తూకం పెరిగితే ధర అదే లెక్కన పెరుగుతుంది. ఎంత బంగారానికి డబ్బు కట్టారో అంత బంగారం ఇంటికి వస్తుంది.

వజ్రానికి ఈ లెక్క పనిచేయదు. క్యారెట్ అంటే 0.2 గ్రాములు. అందులో వందో వంతు సెంటు. రెండు క్యారెట్ల రాయి ధర ఒక క్యారెట్ రాయి ధరకు రెట్టింపు దగ్గర ఆగదు, చాలా దూరం పోతుంది, ఎందుకంటే బరువు పెరిగేకొద్దీ క్యారెట్ రేటు కూడా పెరుగుతుంది. కంటికి కనిపించే సైజు మాత్రం రెట్టింపు కాదు. గుండ్రటి రాయి ఒక క్యారెట్‌కు సుమారు 6.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, రెండు క్యారెట్లకు 8.1, 8.2 దగ్గర ఆగుతుంది. బరువు రెండింతలైతే వెడల్పు పెరిగేది పావు వంతు మాత్రమే. మిగతాది లోతులోకి పోతుంది. తూకం చూసి కొనే అలవాటు మొదట దెబ్బతినేది ఇక్కడే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఉంగరం మీద రెండు క్యారెట్లు అని రాసి ఉన్నంత మాత్రాన అది ఒక్క రాయి బరువు కానక్కరలేదు. మధ్యలో అర క్యారెట్ రాయి పెట్టి, చుట్టూ చిన్న చిన్న రవ్వలు పొదిగి, అన్నీ కలిపి రెండు క్యారెట్లు అని చెప్పడం సాధారణం. చిన్న రవ్వల క్యారెట్ రేటు పెద్ద రాయి రేటులో చాలా తక్కువ వంతు. మధ్య రాయి బరువును బిల్లులో విడిగా రాయించుకోవాలి.

మహబూబ్‌నగర్ పేరు వెనక ఉన్న రాయి

బరువుకు, వెడల్పుకు మధ్య తేడా తెలియాలంటే రెండు పేరున్న వజ్రాల కొలతలు పక్కపక్కన పెడితే చాలు. మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదుగా వచ్చింది. జాకబ్ వజ్రం 1891లో ఆయన బేరమాడిన రాయి. ఆ బేరం కలకత్తా కోర్టు దాకా వెళ్లింది. 1995లో నిజాం నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు వాటితో పాటు అది కూడా భారత ప్రభుత్వానికి చేరింది. బరువు 184.75 క్యారెట్లు. కుషన్ కట్. పొడవు 39.5, వెడల్పు 29.25, లోతు 22.5 మిల్లీమీటర్లు.

రెండోది కోహినూర్. ఇది కొల్లూరు గనుల్లో దొరికిందని ఎక్కువమంది నమ్మకం. పాత నల్లగొండ జిల్లాకు కృష్ణ ఆవలి ఒడ్డున ఉన్న ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. 1851లో లండన్‌లో ప్రదర్శనకు పెట్టినప్పుడు కోహినూర్‌లో మెరుపు లేదని జనం పెదవి విరిచారు. మరుసటి ఏడాది దాన్ని ఓవల్‌గా మళ్లీ చెక్కించారు. అప్పటి లెక్కలో 186 క్యారెట్లున్న రాయి 105.6 క్యారెట్లకు దిగింది. ఇప్పటి కొలతలు సుమారుగా పొడవు 36, వెడల్పు 32, లోతు 13 మిల్లీమీటర్లు.

పొడవును వెడల్పుతో గుణిస్తే జాకబ్‌కు 1155, కోహినూర్‌కు 1152. దాదాపు సమానం. కుషన్ మూలలు నిండుగా ఉంటాయి కాబట్టి జాకబ్ పైనుంచి కొంచెం పెద్దగానే కనిపిస్తుంది, అంతే. కానీ బరువులో అది కోహినూర్ కంటే 75 శాతం ఎక్కువ. ఆ అదనపు బరువంతా లోతులో ఉంది. నగ మీద కూర్చోబెట్టాక లోతు ఎవరికీ కనపడదు. షాపులో రెండు క్యారెట్ల ఓవల్ చూసే మనిషి ముందు కూడా ఇదే లెక్క చిన్న అంకెల్లో ఉంటుంది.

గుండ్రటిది ఎందుకు ఎక్కువ, ఫ్యాన్సీ ఎందుకు తక్కువ

వజ్రాల వ్యాపారంలో గుండ్రటి బ్రిలియంట్ (చిన్న చిన్న పలకలతో చెక్కే గుండ్రటి రాయి) తప్ప మిగతా ఆకారాలన్నీ ఫ్యాన్సీ కిందికి వస్తాయి. ఫ్యాన్సీ కలర్ అనే మాట వేరు. అది పసుపు, గులాబీ లాంటి రంగు వజ్రాలకు వాడతారు.

గుండ్రటి రాయి చెక్కేటప్పుడు ముడి రాయిలో సగానికి పైగా పొడిగా పోవడం మామూలే. ప్రిన్సెస్ (చతురస్రం), ఎమరాల్డ్, రేడియంట్ (మూలలు కోసి, చిన్న పలకలతో చెక్కింది) లాంటివి ముడి రాయి ఆకారానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఎక్కువ బరువు మిగులుతుంది. దానికి తోడు గుండ్రటి దానికి ఎప్పుడూ గిరాకీ ఎక్కువ. ఈ రెండు కారణాల వల్ల ఒకే బరువు, రంగు, క్లారిటీలో ఫ్యాన్సీ కట్ సాధారణంగా తక్కువకు వస్తుంది. ఓవల్‌కు ఈ మధ్య మోజు పెరగడంతో ఆ తేడా కొంత తగ్గింది.

పొడుగు ఆకారాలకు ఇంకో లాభం ఉంది. ఒక క్యారెట్ మార్కీస్ (రెండు చివర్లూ మొనదేలిన ఆకారం) సుమారు 10 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అదే బరువు గుండ్రటి రాయి 6.5 మిల్లీమీటర్లే. కన్ను పొడవును ముందు పట్టుకుంటుంది కాబట్టి మార్కీస్, పేర్, ఓవల్ ఉన్నదానికంటే పెద్దగా అనిపిస్తాయి. ప్రిన్సెస్, యాషర్ (ఎమరాల్డ్ లాంటి చెక్కుడే, చతురస్రంలో) దీనికి ఎదురు. ఒక క్యారెట్‌కు 5.5 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటాయి, బరువు అడుగున మోస్తాయి. పెద్దగా కనిపించడమే ముఖ్యమైతే చతురస్రం ఆకారాల జోలికి వెళ్లకపోవడం మంచిది.

సర్టిఫికెట్ మాట్లాడని చోటు

వజ్రాలను పరీక్షించి గ్రేడ్లు ఇచ్చే అమెరికా సంస్థ జీఐఏ ల్యాబ్ 2006 నుంచి గుండ్రటి బ్రిలియంట్‌కు ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్ అంటూ కట్ గ్రేడ్ ఇస్తోంది. ఓవల్, పేర్, కుషన్, ఎమరాల్డ్ రిపోర్టులో, అంటే సర్టిఫికెట్‌లో, ఆ వరుస ఉండదు. పాలిష్, సిమెట్రీ అనే రెండు మాత్రమే ఉంటాయి. పాలిష్ అంటే పలకల నునుపు, సిమెట్రీ అంటే పలకల పొందిక. ఈ రెండూ ఎక్సలెంట్ ఉన్నా రాయి వెలుగును వెనక్కి పంపకుండా అడుగు నుంచి వదిలేయొచ్చు. రెండు ఎక్సలెంట్లు చూసి కట్ బాగుందని అనుకోవడం ఈ విషయంలో జరిగే అతి సాధారణమైన పొరపాటు.

పేర్లు కూడా గజిబిజిగానే ఉంటాయి. షాపులో రేడియంట్ అని చూపించిన రాయి రిపోర్టులో కట్-కార్నర్డ్ రెక్టాంగ్యులర్ మాడిఫైడ్ బ్రిలియంట్ అని ఉంటుంది. అది మోసం కాదు. ల్యాబ్ వాణిజ్య పేరు రాయదు, ఆకారాన్ని వర్ణిస్తుంది.

రిపోర్టులో నిజంగా పనికొచ్చే వరుస కొలతలది. పొడవు, వెడల్పు, లోతు మిల్లీమీటర్లలో ఉంటాయి. చాలామంది రంగు, క్లారిటీ చదివి ఈ వరుసను దాటేస్తారు.

రెండు క్యారెట్ల ఓవల్స్ రెండు

ఒక ఉదాహరణ చూద్దాం. తెల్ల కాగితం పొట్లం విప్పి షాపు మనిషి రెండు ఓవల్ రాళ్లు పెట్టారనుకోండి. రెండూ రెండు క్యారెట్లు, రెండూ హెచ్ రంగు, వీఎస్2 క్లారిటీ (ఈ గ్రేడ్ల వివరం కింద ఉంది). మొదటిది 10.0 పొడవు, 7.1 వెడల్పు, 4.4 లోతు. రెండోది 9.2 పొడవు, 6.7 వెడల్పు, 5.1 లోతు.

ఓవల్ బరువు అంచనాకు వ్యాపారులు వాడే సూత్రం ఒకటుంది: పొడవు, వెడల్పుల సగటును వర్గం చేసి, లోతుతో, ఆ తర్వాత 0.0062తో గుణించాలి. మొదటి రాయికి సగటు 8.55, రెండో రాయికి 7.95. లెక్క చేస్తే రెండింటికీ 1.99 క్యారెట్లకు అటూ ఇటూగా వస్తుంది. అంటే తూకం ఒక్కటే. పైనుంచి కనిపించే వైశాల్యం మాత్రం మొదటిదానికి దాదాపు 55.8 చదరపు మిల్లీమీటర్లు, రెండోదానికి 48.4. తేడా 15 శాతం. రెండో రాయి కంటికి పావు క్యారెట్‌కు పైగా చిన్న రాయిలా కనిపిస్తుంది, బిల్లు మాత్రం రెండు క్యారెట్లకు పడుతుంది.

లోతును వెడల్పుతో భాగిస్తే వచ్చేది డెప్త్ శాతం. మొదటిదానికి 62, రెండోదానికి 76. ఓవల్, పేర్, మార్కీస్‌లలో 60 నుంచి 65 మధ్య ఉన్నవాటిని ముందు చూడొచ్చు. కుషన్, రేడియంట్, ఎమరాల్డ్ కొంచెం లోతుగా ఉండటం సహజం. అక్కడ 70 దాటితే ఎందుకని అడగాలి. మరీ పలచగా ఉండటం కూడా మేలు కాదు. లోతు తక్కువైన ఎమరాల్డ్ కట్‌ను అచ్చు అక్షరాల మీద పెడితే కిందున్న రాత రాయి గుండా కనిపించవచ్చు. అలాంటి రాయి మధ్యభాగం నగలో గాజు ముక్కలా చప్పగా ఉంటుంది.

నడుమ పడే నీడ

ఓవల్, పేర్, మార్కీస్‌లలో నడుమ అడ్డంగా ఒక నల్లటి నీడ కనిపిస్తుంటుంది. రెండు వైపులా వెడల్పుగా, మధ్యలో సన్నగా ఉండే ఆ నీడను బో-టై అంటారు. చూసే మనిషి తల, భుజాలే వెలుగుకు అడ్డుపడి ఆ పలకల్లో నల్లగా ప్రతిఫలిస్తాయి. పలకల కోణాలు సరిగ్గా ఉంటే నీడ లేతగా ఉండి, చేయి కదిపినప్పుడు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. అది రాయికి అందమే. కోణాలు చెడితే చేయి ఎటు తిప్పినా నలుపు అక్కడే కూర్చుంటుంది.

ఈ నీడ గురించి సర్టిఫికెట్‌లో ఒక్క ముక్క కూడా ఉండదు. అమ్మేవాళ్లు చూపే వీడియోలో కూడా సరిగ్గా తెలియదు, ఎందుకంటే వీడియో తీసే పెట్టెలో వెలుగు అన్ని వైపుల నుంచీ పడుతుంది. షోరూమ్ స్పాట్ లైట్ల కింద ప్రతి రాయీ మెరుస్తుంది. రాయిని షాపు గుమ్మం దాకా తెచ్చి, ఎండ నేరుగా పడని నీడపట్టున, చేయి చాపినంత దూరంలో పెట్టి మెల్లగా అటూ ఇటూ వంచి చూడాలి. ఈ పని ఒక్క నిమిషంది. గుమ్మం దాకా తీసుకెళ్లడానికి ఒప్పుకోని షాపులో పెద్ద రాయి కొనకపోవడమే క్షేమం.

ఏ ఆకారంలో ఏది తగ్గించుకోవచ్చు

రంగును డి నుంచి జెడ్ వరకు కొలుస్తారు. డి అంటే ఏ రంగూ లేనిది. క్లారిటీ పైన ఎఫ్ఎల్ (ఏ మచ్చా లేనిది) దగ్గర మొదలై వీవీఎస్, వీఎస్, ఎస్ఐ మీదుగా ఐ దాకా దిగుతుంది; పక్కన 1 ఉంటే పైమెట్టు, 2 ఉంటే దాని కిందిది. షోరూముల్లో వీటిని జతచేసి వీవీఎస్-ఈఎఫ్, వీఎస్-జీహెచ్, ఎస్ఐ-ఐజే అని చెబుతారు. చిన్న రవ్వలకు ఈ జతలు సరిపోతాయి. ఒక్క పెద్ద రాయికి రంగు విడిగా, క్లారిటీ విడిగా ఎంచుకోవాలి. జత కోసం పట్టుబడితే అక్కర్లేనిదానికి కూడా డబ్బు పోతుంది.

ఎమరాల్డ్, యాషర్ కట్‌లలో పలకలు మెట్ల మాదిరి పొడుగ్గా, విశాలంగా ఉంటాయి. లోపల ఏమున్నా అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. ఇక్కడ క్లారిటీ వీఎస్2 కంటే దిగకపోవడం మంచిది. ఓవల్, రేడియంట్, కుషన్‌లలో చిన్న చిన్న పలకలు వెలుగును ముక్కలు చేస్తాయి కాబట్టి ఎస్ఐ1లో కూడా మచ్చ కంటికి ఆనని రాళ్లు దొరుకుతాయి. ఇళ్లల్లో పెద్దవాళ్లు కాకిపాదం ఉందేమో చూడమంటారు. రత్నశాస్త్రంలో దోషంగా చెప్పిన మాట అది. ఈ కాలపు షాపులో ఆ మాటకు దగ్గరి అర్థం, రాయి నడిబొడ్డున నల్లటి మచ్చ గానీ, పాదం ఆకారంలో చీలిక గానీ ఉందేమో చూడమని. గ్రేడ్ ఒకటే అయినా మచ్చ నడిమధ్య ఉన్న రాయికీ, అంచున ఉన్న రాయికీ చాలా తేడా ఉంటుంది. అంచు మచ్చను ప్రాంగ్ (రాయిని పట్టి ఉంచే లోహపు కొక్కెం) కింద దాచేయొచ్చు. పేర్, మార్కీస్, ప్రిన్సెస్‌ల మొనల దగ్గర చీలిక ఉంటే మాత్రం వద్దనుకోవాలి. దెబ్బ తగిలితే అక్కడే పెచ్చు లేస్తుంది. మొనలను వి ఆకారపు ప్రాంగ్‌తో కప్పి కట్టించడం తప్పనిసరి.

రంగు సంగతి వేరు. పేర్, మార్కీస్ మొనల దగ్గర, కుషన్, రేడియంట్ లోపల పసుపు ఛాయ పోగుపడుతుంది. తెల్ల బంగారంలోనో ప్లాటినంలోనో పొదిగితే అది తెలిసిపోతుంది. మన వైపు పసుపు బంగారానిదే పైచేయి. ఆ పసుపు పక్కన ఐ, జే రంగు రాయి కూడా తెల్లగానే కనిపిస్తుంది. పసుపు బంగారంలో పొదిగే రాయికి డి, ఈ రంగుల ధర పెట్టడం దండగ. ఆ డబ్బును వెడల్పు మీదికి, మంచి చెక్కుడు మీదికి మళ్లించాలి.

రెండు అనే అంకె ధర

క్యారెట్ రేటు 1.00, 1.50, 2.00, 3.00 లాంటి గుండు అంకెల దగ్గర ఒక్కసారిగా పైకి లేస్తుంది. 1.90 క్యారెట్ల రాయి కొలతలో రెండు క్యారెట్ల రాయి కంటే రెండు శాతం కూడా చిన్నది కాదు. 10 మిల్లీమీటర్ల పొడవులో 0.17 మిల్లీమీటర్లు తగ్గుతుంది, కంటికి ఆనదు. రేటు మాత్రం కింది మెట్టుది. చెక్కేవాళ్లు కూడా ఈ మెట్టు దాటించడానికే కొన్ని రాళ్లను లోతుగా ఉంచేస్తారు. సరిగ్గా 2.00, 2.01 అని ఉన్న ఫ్యాన్సీ రాయి కనపడితే డెప్త్ ముందు చూడాలి.

ల్యాబ్ వజ్రం లెక్క

ల్యాబ్‌లో హెచ్‌పీహెచ్‌టీ (ఎక్కువ ఒత్తిడి, వేడితో), సీవీడీ (వాయువు నుంచి పొరలుగా) పద్ధతుల్లో తయారైన వజ్రం కూడా నిజమైన వజ్రమే. ధర సహజ వజ్రం ధరలో చాలా చిన్న వంతు, అదీ కొన్నేళ్లుగా పడుతూనే ఉంది. 2023లో కేంద్రం వాటి విత్తనాల (వజ్రాన్ని పెంచడానికి మొదట పెట్టే సన్నటి ముక్కల) మీద దిగుమతి సుంకం తీసేసింది. సూరత్‌లో ఉత్పత్తి భారీగా ఉంది. పెద్ద రాయి కావాలి, మళ్లీ అమ్మే ఆలోచన లేదు అనుకునేవాళ్లకు ఇది సూటి దారి. ఇందులో రంగు, క్లారిటీ దగ్గర రాజీ పడాల్సిన పనే ఉండదు. జీఐఏ 2025 అక్టోబర్ నుంచి ల్యాబ్ వజ్రాలకు పాత అక్షరాల గ్రేడ్లు మాని ప్రీమియం, స్టాండర్డ్ అనే రెండు వర్గాలే ఇస్తోంది. డెప్త్, బో-టై పరీక్షలు మాత్రం దీనికీ అవే.

టెన్షన్ పడాల్సింది ల్యాబ్ రాయిని సహజమని అమ్మినప్పుడు. షాపుల్లో పెన్ను లాంటి టెస్టర్ ఆనించి బీప్ శబ్దం వినిపిస్తారు. అది వేడి ప్రసారాన్ని కొలుస్తుంది. ల్యాబ్ వజ్రానికి కూడా అదే శబ్దం వస్తుంది, కొన్ని టెస్టర్లకు మాయిసనైట్ (వజ్రంలా కనిపించే వేరే రాయి) కూడా వజ్రంలాగే తోస్తుంది. నమ్మదగిన పద్ధతి ఇది: రిపోర్టు నంబరు రాయి నడుము అంచు మీద లేజర్‌తో చెక్కి ఉందేమో పది రెట్లు పెద్దగా చూపే లూప్ అనే భూతద్దంతో చదవాలి, అదే నంబరును రిపోర్టు ఇచ్చిన ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి బరువు, కొలతలు సరిపోతున్నాయో చూసుకోవాలి. నగలో పొదిగాక అంచు కనపడకపోవచ్చు కాబట్టి ఈ పని ముందే జరగాలి.

పది లక్షలంటే రాయికి పది లక్షలు కాదు

నగగా కొంటే మొత్తం మీద 3 శాతం జీఎస్టీ ఉంటుంది. పది లక్షల బడ్జెట్‌లో అది సుమారు 29,000 రూపాయలు. 18 క్యారెట్ల (బంగారంలో క్యారెట్ అంటే స్వచ్ఛత, బరువు కాదు) బంగారానికి, మజూరికి కలిపి 60,000 అనుకుంటే రాయికి మిగిలేది 9.1 లక్షలు. రాళ్లను సాధారణంగా 18 క్యారెట్లలోనే పొదుగుతారు. 22 క్యారెట్ల బంగారం మెత్తన, ప్రాంగ్‌లు త్వరగా వదులవుతాయి. ఉంగరం మీది హాల్‌మార్క్, అక్షరాలు, అంకెలు కలిసి ఆరుండే హెచ్‌యూఐడీ గుర్తింపు సంఖ్య బంగారం స్వచ్ఛతకు మాత్రమే హామీ. రాయి గురించి అవి ఏమీ చెప్పవు.

వడ్ల డబ్బులు, పత్తి డబ్బులు నగదుగా ఇంట్లో ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. ఒక కొనుగోలుకు రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 నుంచి నిషేధించింది. రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ అడుగుతారు. బిల్లు వద్దనుకుంటే తక్కువకు ఇస్తామనే బేరం వజ్రంలో మరీ ప్రమాదం, ఎందుకంటే బిల్లు, రిపోర్టు లేని రాయిని తిరిగి ఇవ్వబోతే బేరం ఎదుటివాళ్ల చేతిలోకి పోతుంది. తిరిగి తీసుకునే షరతు ఎంత శాతం, నగదుకా మార్పిడికా అన్నది బిల్లు మీదే రాయించుకోవాలి.

చివరగా బంగారు లోన్. యాసంగి పెట్టుబడికి నగ తీసుకుని బ్యాంకుకు వెళ్లడం ఈ జిల్లాల్లో మామూలు పని. అక్కడ రాయి బరువు తీసేస్తారు. రెండు క్యారెట్ల రాయి ఉన్న ఉంగరం 5 గ్రాములు తూగితే లెక్కకొచ్చేది 4.6 గ్రాములు, అదీ 18 క్యారెట్లు కాబట్టి 22 క్యారెట్ల లెక్కకు మార్చి 3.76 గ్రాములు. 9.1 లక్షలు పెట్టిన రాయికి ఆ కౌంటర్ దగ్గర లోన్ సున్నా.